పాత మోటారుబండి పుట్టుపూర్వోత్తరములు

(సాంస్కృతిక సమితి వార్షికోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)

 

తెలుగువారి యిండ్లలో చిన్నవాడు పెద్దలకు నమస్కరించునపుడు ప్రవర చెప్పుకొనుట పూర్వాచారము. ఋషులెవరు, గోత్రమేది, సూత్రమేది, చివరకు తన పేరేమి అని క్రమముగా చెప్పి తలవంచెడివాడు. ఊరు మారినను, ఉద్యోగము మారినను ఆ ప్రవర మారెడిది కాదు. మోటారుబండికిని అట్టి ప్రవర యొకటి కలదు. అది ముందువెనుకల కనబడు నెంబరుపలక మీద నుండదు. బండి యడుగున, ఇనుపచట్రముపై, సామాన్యముగా ఎవరి కంటను పడనిచోట, ఉక్కు అచ్చుతో కొట్టి యుండును. దానినే ఛాసిస్ నెంబరు అందురు. ఏబది అరువది యేండ్లు గడచిన పాతబండి నిజమునకు ఏది, ఎప్పుడు పుట్టినది, ఎవరి చేతులలో తయారైనది అను ప్రశ్నలకు ఆ నెంబరునుండి సమాధానము రాబట్టు విధానమే నేటి ప్రసంగ విషయము.

అండమాన్ నికోబార్ ద్వీపములలో ఈ విషయమునకు విశేష ప్రయోజనము కలదు. ఇచ్చట మోటారుకార్లు తయారుచేయు కర్మాగారము లేదు. అబర్డీన్ బజారులో తిరుగు ప్రతి బండియు చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం వంటి రేవులనుండి ఓడ నెక్కి, దాదాపు 1,200 కిలోమీటర్ల సముద్రము దాటి వచ్చినదే. ఒక రాష్ట్రమున రిజిస్టరైన బండిని మరియొకచోట పండ్రెండు నెలలకు మించి యుంచినచో, 1988 మోటారు వాహనముల చట్టములోని 47వ విభాగము ననుసరించి, క్రొత్తచోటి నెంబరు తీసికొనవలెను. బదిలీలకు అలవాటుపడిన కేంద్రప్రభుత్వోద్యోగులకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. నిరభ్యంతర పత్రముకొరకు తిరిగిన కాళ్ళకు అది బాగుగా గుర్తుండును. హైదరాబాదునందే 2014కు పూర్వపు బండ్లకు ఏ.పి., పిమ్మటివానికి టి.ఎస్., 2024 నుండి వచ్చినవానికి టి.జి. అను అక్షరములు కానవచ్చును. వీధి యొక్కటే, అక్షరములు మూడు విధములు. పోర్టు బ్లెయిరునకు సయితము 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని పేరు మారినది. పలకమీది పేరు పాలనావసరమును బట్టి మారును. ఇనుముమీది పేరు మారరాదు.

ప్రతి మోటారుబండికిని మూడు నెంబర్లుండును. మొదటిది రిజిస్ట్రేషన్ నెంబరు. అది ప్రభుత్వ మిచ్చినది. మనుష్యునకు చిరునామా వంటిది. రెండవది ఇంజను నెంబరు. ఇంజను అరిగిపోయినచో తీసివేసి వేరొకటి బిగింపవచ్చును గనుక అది శాశ్వతము కాదు. మూడవది ఛాసిస్ నెంబరు. ఇంజను, చక్రములు, స్ప్రింగులు, పైకప్పు అన్నియు దేనిని ఆధారము చేసికొని నిలుచునో ఆ చట్రమునకు కర్మాగారమువారు పుట్టుకనాడు వేసిన ముద్ర అది. ఉద్యోగి ఎన్ని ఊళ్ళు తిరిగినను సర్వీసు రిజిస్టరు ఒక్కటే వెంట నడచినట్లు, బండి ఎన్ని రాష్ట్రములు తిరిగినను ఛాసిస్ నెంబరు ఒక్కటే వెంట నడచును. ఈ మూడింటి తారతమ్య మెరుగనివారు పలకను చూచి బండిని గుర్తించితిమనుకొందురు. అది యింటిపేరు కస్తూరివారని విని లోపలికి పోవుట వంటిది. లోపల నున్నవి కస్తూరియో గబ్బిలములో పోయి చూచినగాని తెలియదు.

ఈ ద్వీపచరిత్రతో ముడిపడిన మహాపురుషుని కారునే ఉదాహరణముగా గైకొనవచ్చును. 1943 డిసెంబరు 30న నేతాజీ సుభాష్ చంద్రబోసు పోర్టు బ్లెయిరు జిమ్ఖానా మైదానమున త్రివర్ణపతాకము నెగురవేసెను. అంతకు మూడేండ్లకు ముందు, 1941 జనవరి 16వ తేది రాత్రి, ఆయన కలకత్తా ఎల్గిన్ రోడ్డులోని తన యింటినుండి పోలీసుల కన్నుగప్పి బయలుదేరినపుడు, అన్నకుమారుడు శిశిర్ కుమార్ బోసు కారు నడిపి గోమో రైల్వేస్టేషను వరకు చేర్చెను. ఆ కారు నెంబరు బి.ఎల్.ఏ. 7169. నేడది కోల్‌కతాలోని నేతాజీ భవనమున భద్రముగా నున్నది. దర్శించువారందరు ఆ పలకను చూచి నమస్కరింతురు. కాని బి.ఎల్.ఏ. 7169 అను నెంబరు ఆ బండి బెంగాలులో రిజిస్టరైనదని మాత్రమే చెప్పగలదు. అది వాండరర్ డబ్ల్యు 24 అను జర్మను కారని ఆ పలక చెప్పదు. వాండరర్ అను పేరుతో నేడు కారు లేదు. 1932లో ఆడి, డి.కె.డబ్ల్యు., హోర్ష్, వాండరర్ అను నాలుగు సంస్థలు కలిసి ఆటో యూనియన్ అయినవి. ఆడి కార్లమీద నేటికిని కానవచ్చు నాలుగు వలయములు ఆ నాలింటికి గుర్తు. అందుచేతనే 2017లో ఆ బండికి పూర్వరూపము తెచ్చు పనిలో ఆడి సంస్థ పాల్గొనెను. పాతబండి యొక్క బంధువులెవరో, ఎవరి రికార్డులు వెదుకవలెనో తెలియవలెనన్నచో పలకను దాటి లోపలికి పోవలసినదే.

మోటారు చరిత్రలో మిక్కిలి ప్రసిద్ధమైన మరియొక కారు విషయమును అట్టిదే. ఇంగ్లండులో రోల్స్ రాయిస్ వారు 1907లో ఒక కారునకు వెండిరంగు పూసి, 'సిల్వర్ ఘోస్ట్' అని పేరుపెట్టి, దాదాపు 15,000 మైళ్ళు నడిపి దాని గట్టితనమును లోకమునకు చాటిరి. దాని రిజిస్ట్రేషన్ ఏ.ఎక్స్. 201. ఛాసిస్ నెంబరు 60551. కాలక్రమమున ఆ తరగతి కార్లన్నింటికిని జనులు సిల్వర్ ఘోస్ట్ అనియే పేరుపెట్టిరి. వేలకొలది కార్లలో ఆ మొదటిపేరు పొందిన కారు ఏదని యడిగినచో, రంగు చూపి, రూపము చూపి సమాధానము చెప్పుట కుదరదు. 60551 అను అయిదంకెలే దానిని తక్కినవాని నుండి వేరుచేయును.

రూపమేల ప్రమాణము కాదను సందేహము కలుగవచ్చును. ఆ కాలమున పెద్ద కార్ల కర్మాగారములు చట్రమును, ఇంజనును, చక్రములను మాత్రమే అమ్మెడివి. కొనినవారు దానిని గుర్రపుబండ్లు కట్టుటలో ఆరితేరిన వేరొక సంస్థకు పంపి, తమ అభిరుచికి తగిన పైభాగమును కట్టించుకొనెడివారు. మన తెలుగునేలలో దీనికి చక్కని సాక్ష్యము హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నున్న పసుపుపచ్చని రోల్స్ రాయిస్. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను దానికి ఆర్డరిచ్చెను. 1911లో ఆయన కాలధర్మము నొందగా, ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాను కాలమున అది చేరెను. చట్రము రోల్స్ రాయిస్ వారిది. పైన సింహాసనమువంటి పీఠముతో దర్బారు ఠీవి నిలిపినది బార్కర్ అను సంస్థ. ఇట్టి బండికి పైభాగము ఎన్నిసార్లయినను మార్చవచ్చును. యువకుడైన జమీందారునకు తెరచిన కారుగా నున్నది, వయసు మళ్ళిన పిదప మూసిన కారుగా మారవచ్చును. మారనిది చట్రము. అందుచేతనే రోల్స్ రాయిస్ వారు ఒక్కొక్క ఛాసిస్ నెంబరునకు ఒక్కొక్క దాఖలా నుంచి, ఎవరికొరకు తయారైనది, ఎవరు పైభాగము కట్టిరి అను సంగతులు వ్రాసియుంచిరి. ఆ దాఖలాలు నేటికిని ఇంగ్లండులో ఆ కార్ల అభిమానుల సంఘమువద్ద భద్రముగా నున్నవి.

ఇక నెంబరును చదువు పద్ధతి. మొదటి సూత్రమేమనగా, తయారీదారు ఎవరో నిశ్చయింపక నెంబరును చదువబూనరాదు. ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క లిపి. 1908 నుండి 1927 వరకు కోటి యేబది లక్షల వరకు తయారైన ఫోర్డు 'టి' నమూనాలో చాలకాలము ఇంజనుమీది నెంబరే బండి నెంబరుగా చెల్లినది. ఇంజను మారెనా, బండి పుట్టుకయే తారుమారు. జర్మనీ మెర్సిడెస్ బెంజ్ వారి 300 ఎస్.ఎల్. కారులో 198.040 అని మొదలైనచో రెక్కలవలె పైకి తెరచుకొను తలుపులుగలదియు, 198.042 అని మొదలైనచో పైకప్పు మడచుటకు వీలైనదియు నగును. ఇంగ్లండులో ఎం.జి. కారుపై జి.హెచ్.ఎన్. 3 అని యున్నచో, మొదటి యక్షరము ఎం.జి. సంస్థను, రెండవది ఇంజను పరిమాణపు తరగతిని, మూడవది ఇద్దరు కూర్చుండు తెరచిన బండి అను సంగతిని, అంకె నమూనా వరుసను తెలుపును. వెనుక ఎల్ అను అక్షరము చేరినచో స్టీరింగు ఎడమవైపున నున్న బండి. ఇంత చిన్న ముద్రలో ఇన్ని సంగతు లిమిడియుండుట, నాలుగు పాదములలో కథ నంతటిని చెప్పిన చాటుపద్యమును తలపించును.

ఈ భాషాభేదము చాలకాలము సాగెను. 1977లో అంతర్జాతీయ ప్రమాణ సంస్థ పదునేడు స్థానముల నెంబరును ఏర్పరచెను. అందు మొదటి మూడు స్థానములు దేశమును, తయారీదారును తెలుపును. ఎం.ఏ.1 అని యున్నచో మహీంద్రా, ఎం.ఏ.3 అని యున్నచో మారుతి, ఎం.ఏ.టి. అని యున్నచో టాటా. ఐ, ఓ, క్యూ అను మూడు ఇంగ్లీషు అక్షరములను ఆ నెంబరులో నిషేధించిరి. ఏలయన, అవి ఒకటికిని సున్నకును భ్రమ గొలుపును. ఫైళ్ళలో అట్టి భ్రమలవలన జరుగు అనర్థముల నెరిగినవారే ఆ నిషేధమును విధించియుండవలెను. మన దేశమున 1989 కేంద్ర మోటారు వాహన నియమములలోని 122వ నియమము, ఛాసిస్ నెంబరును, ఇంజను నెంబరును, తయారైన నెలను బండిపై ముద్రింపవలెనని శాసించినది. కాని పాతబండ్లు ఈ సంస్కరణమునకు పూర్వపువి. పదునేడు స్థానములు లేవని పాతబండి నెంబరును సందేహించుట, ఆధారు కార్డు లేదని తాతగారి పుట్టుకను సందేహించుట వంటిది.

మన అంబాసిడరు కారు సంగతి మరియు చిత్రము. బ్రిటిషు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ వరుస నమూనానుండి వచ్చిన ఆ కారు 1950ల చివరనుండి 2014 వరకు కలకత్తా సమీపమున ఉత్తరపాడలో తయారైనది. అర్ధశతాబ్దికి పైగా ఆకారము పెద్దగా మారలేదు. సచివాలయముల ముందు వరుసగా నిలిచిన తెల్లని అంబాసిడర్లలో ముత్తాత యెవరో మునిమనుమడెవరో దూరమునుండి చెప్పుట కష్టము. ముందరి జాలి, దీపములు, లోపలి పలక కొంత తెలిపినను, అవి యొకదానివి తీసి వేరొకదానికి బిగించుట సులభము. కడపట నెంబరే శరణ్యము.

ఇప్పుడు ఈ ద్వీపములలో ఒక పాత జీపు దొరకినదనుకొందము. పెంకుటింటి షెడ్డులో, కొబ్బరిమట్టల క్రింద, తుప్పుపట్టి, చక్రములు నేలలో దిగబడి యున్నది. కాగితములలో 'జీపు' అని మాత్రమే కలదు. ఇంటివారు యుద్ధకాలపు బండి అనుచున్నారు. 1942 మార్చి 23న జపాను సేనలు ఈ ద్వీపముల నాక్రమించినవి. 1945 అక్టోబరులో అదే జిమ్ఖానా మైదానమున లొంగిపోయినవి. అట్టి చరిత్రగల చోట ఇంటివారి మాట నిజమైనను కావచ్చును. కాకయు పోవచ్చును. యుద్ధానంతరము మన దేశమున సైనిక జీపులెన్నియో వేలములో అమ్ముడుపోయినవి. 1940ల చివరనే మహీంద్రావారు బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చుట ప్రారంభించిరి. అవన్నియు దూరమునకు ఒకే కుటుంబమువలె నుండును. దగ్గరకు పోయి విచారింపవలెను.

మొదట ముఖము చూడవలెను. యుద్ధకాలపు జీపు ముందరి రేకులో, తొలినాటి కొలది బండ్లకు కమ్ముల జాలి యుండగా, తక్కినవానికి తొమ్మిది నిలువు చీలికలుండును. యుద్ధానంతరము జనులకొరకు చేసిన జీపునకు చీలికలు ఏడు. కాని ముందరి రేకు విప్పి మార్చదగినదే కనుక ఇంతటితో తృప్తిపడరాదు. 1941 చివరనుండి 1945 వరకు అమెరికాలో విల్లీస్ వారును, ఫోర్డువారును కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు చేసిరి. నమూనా ఒక్కటే, తండ్రులిద్దరు. వానిని వేరుచేయుటకు బండి ముందుభాగమున క్రిందికి వంగి, చట్రపు రెండు దూలములను కలుపు అడ్డకమ్మిని చూడవలెను. అది గుండ్రని గొట్టమైనచో విల్లీస్. తిరగవేసిన తొట్టివలె నున్నచో ఫోర్డు. ఫోర్డువారు మరల వంటి చిన్న భాగములమీద సయితము 'ఎఫ్' అను అక్షరమును ముద్రించుకొనిరి. విల్లీస్ వారి నెంబరు ఎడమదూలము లోపలివైపున, ముందరి బంపరు వెనుక, చిన్న రేకుబిళ్ళగా బిగించియుండును, ఎం.బి. అను అక్షరములతో మొదలగును. ఫోర్డువారు జి.పి.డబ్ల్యు. అను అక్షరములతో నెంబరును ఎడమదూలము పైముఖముననే అచ్చుకొట్టిరి. ఫోర్డువారు ఇంజనుకు వేసిన నెంబరునే చట్రమునకును వేసిరి. విల్లీస్ వారిలో ఆ రెండును వేరు. కనుక విల్లీస్ బండిలో రెండు నెంబర్లు కలియలేదని దానిని దొంగబండిగా భావించుటయు పొరపాటే. ఫోర్డు బండిలో అవి కలియకున్నచో ఇంజను మారినదని యూహించుట న్యాయము.

ఇచ్చటనే ఈ ద్వీపముల గాలి తన ప్రతాపమును చూపును. ఉప్పుగాలి, ఏడాదిలో అధికభాగము వానలు. ఇనుము పొరలుపొరలుగా రాలిపోవును. విల్లీస్ వారి రేకుబిళ్ళ ఊడిపోవుట సర్వసామాన్యము. 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఉప్పునీటిని ఊళ్ళలోనికే తెచ్చినది. నెంబరు కనబడనపుడు తొందరపడువాడు చేయు మొదటి పని గరుకు చక్రముతో తుప్పును అరగదీయుట. అంతకంటె ఘాతుకము లేదు. తుప్పుతోపాటు ఉన్న నెంబరును పోవును. మెత్తని కుంచెతో నూనె రాచి, నాననిచ్చి, ఓపికతో తుడువవలెను. పిదప పలుచని కాగితము పరచి పెన్సిలుతో రుద్దినచో కంటికి కానరాని అంకెలు కాగితముపై లేచివచ్చును. రిజిస్ట్రేషన్ కచేరీలలో ఛాసిస్ ప్రింటు తీయుట అనునది ఇదియే.

అప్పటికిని కనబడకున్నచో శాస్త్రము చేయూత నిచ్చును. ఉక్కు అచ్చును సుత్తితో కొట్టినపుడు పైన పడిన గుంటయే కాక, దాని క్రింద కొంతలోతువరకు లోహము నలిగి బిగుసుకొనును. పైభాగము అరిగిపోయినను, లేక ఎవరైన బుద్ధిపూర్వకముగా అరగదీసినను, క్రింది నలుగుడు కొంత మిగులును. ఆ చోటును నునుపుచేసి, తగిన ఆమ్లద్రావకముతో తుడిచినచో, నలిగిన లోహము చుట్టునున్న లోహముకంటె వేరుగా కరగును. మాసిపోయిన అంకెలు నీడలవలె లేచును. నేరపరిశోధన ప్రయోగశాలలలో దొంగిలిన బండ్లను గుర్తించుటకు ఈ పద్ధతినే వాడుదురు. ఇనుముకు జ్ఞాపకశక్తి కలదని చెప్పిన అతిశయోక్తి కాదు. కాని ఆ జ్ఞాపకమును మేల్కొల్పు పని తెలిసినవారిచేతనే జరుగవలెను.

నెంబరు దొరకినంతమాత్రమున పని ముగియదు. సాక్షులను విచారింపవలెను. ఇంజను దిమ్మెపై పోతపోసిన నాటి గుర్తులు, విద్యుత్ పరికరములపై నెల సంవత్సరముల ముద్రలు, అద్దపు మూలల గుర్తులు, ఇవన్నియు సాక్షులే. ఒక్క సాక్షి అబద్ధ మాడవచ్చును. పదిమంది వేరువేరు చోట్లనుండి వచ్చి ఒకే మాట చెప్పినచో నమ్మదగును. అంకెల పోలికయు సాక్షియే. పూర్వము అచ్చులను ఒక్కొక్కటిగా చేతితో కొట్టెడివారు గనుక వరుస కొంచెము వంకరగా నుండుట సహజము. ఒకే కర్మాగారపు అచ్చులకు ఒకే పోలిక యుండును. తక్కిన అంకెలతో పోలిక కుదరని అంకె యొకటి నడుమ కనబడినచో అది బయటివాడు కొట్టినదేమో అని అనుమానింపవలెను.

ఇనుముమీద నొకటి, కాగితముమీద నొకటి యున్నపుడు ఏమి చేయవలెను? ఈ ప్రశ్న ముఖ్యముగా ఉద్యోగుల కెదురగునది. కాగితములో తప్పులెట్లు చొరబడునో ఉద్యోగులకంటె నెరిగినవారు లేరు. మూడు ఎనిమిది యగును, 'బి' అను అక్షరము ఎనిమిది యగును, ఒకటి ఏడగును. పాత పుస్తకమునుండి క్రొత్త పుస్తకమునకు, దానినుండి కంప్యూటరునకు ఎక్కించునపుడు, ఒకనాటి నిద్రమత్తు గుమాస్తా వ్రాసిన అంకె యేబది యేండ్లు ప్రమాణమై కూర్చుండును. మరియొక చిక్కు కలదు. రిజిస్టరైన సంవత్సరము వేరు, తయారైన సంవత్సరము వేరు. 1943లో తయారై, సైన్యములో తిరిగి, వేలములో అమ్ముడుపోయి, 1950లో జనులచేతికి వచ్చిన జీపునకు కాగితములలో 1950 అని యుండుట వింత కాదు. కాగితము అబద్ధము చెప్పుటలేదు. తాను చూచిననాటినుండి మాత్రమే చెప్పుచున్నది.

అట్టి సందర్భమున ఉద్యోగి చేయదగిన పని యొక్కటే. ఇనుముమీద నున్నది ఉన్నట్లు వ్రాయవలెను, కాగితముమీద నున్నది ఉన్నట్లు వ్రాయవలెను, రెంటికిని గల భేదమునకు కారణము కనుగొని వ్రాయవలెను. కాగితమునకు సరిపోవునట్లు ఇనుముపై క్రొత్త అంకెలు కొట్టించుట మహాపరాధము. అది కేవలము చట్టవిరుద్ధమను మాట యటుంచి, సాక్షి నోరు శాశ్వతముగా మూసివేయుట. ఒకసారి క్రొత్త అచ్చు పడినచో ఆ బండి చరిత్ర అంతటితో సరి. తరువాతి తరమువారు ఎంత విచారించినను ఆ అబద్ధమే సమాధానముగా వచ్చును.

ఈ ప్రలోభము నేడు మునుపటికంటె హెచ్చినది. 2021 జులైలో కేంద్రప్రభుత్వము పురాతన వాహనములకు ప్రత్యేక నియమముల నేర్పరచెను. మొదట రిజిస్టరైన నాటినుండి యేబది యేండ్లు దాటి, చట్రము, పైభాగము, ఇంజనులలో గణనీయమైన మార్పు లేక మూలరూపముననున్న ద్విచక్ర, చతుశ్చక్ర వాహనములకు 'వి.ఏ.' అను అక్షరములతో ప్రత్యేక వరుస నెంబరు లభించును. ముందు రాష్ట్రపు అక్షరములు చేరును. ఈ ద్వీపములకు ఏ.ఎన్. అని. క్రొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు, పునర్నమోదుకు 5,000 రూపాయలు, గడువు పది సంవత్సరములు. ప్రదర్శనలకు, పరిశోధనకు, పాతకార్ల పరుగులకు, వాని నిర్వహణకు తప్ప నిత్యవ్యవహారమునకు వాడరాదు. నియమము మంచిదే. కాని గౌరవ మిచ్చినచోట విలువ పెరుగును, విలువ పెరిగినచోట మోసము పెరుగును. రెండు మూడు తుప్పుబండ్ల భాగములు కలిపి, ఒకదాని నెంబరును వేరొకదానికి అతికి, 'మూలరూప'మని చూపువారు బయలుదేరుదురు. అప్పుడు పెన్సిలు పట్టుకొని బండిక్రిందికి వంగిన తనిఖీ ఉద్యోగి నిజాయితీయే ఆ చరిత్రకు కాపలా.

మరి భాగములెన్ని మారినను అదే బండి యనవచ్చునా? ఈ ప్రశ్న ఇంగ్లండులో 1990లో న్యాయస్థానమున కెక్కినది. 'ఓల్డ్ నంబర్ వన్' అను బెంట్లీ కారు 1929, 1930 సంవత్సరములలో ఫ్రాన్సు దేశపు లమా పందెమును వరుసగా గెలిచినది. 1932లో బ్రూక్లాండ్స్ పందెమున ప్రమాదము జరిగి, నడుపుచున్న క్లైవ్ డన్ఫీ మరణించెను. అప్పటికే దాని భాగము లెన్నియో మారినవి. తరువాత మరల కట్టబడినది. దానిని కోటి పౌన్లకు కొనుటకు ఒప్పుకొనినవారు, ఇది అసలు బండి కాదని వెనుదీసిరి. 1929లో గెలిచిననాటి భాగము లించుమించుగా ఏమియు మిగులలేదని విచారణలో తేలెను. అయినను న్యాయమూర్తి ఆటన్ ఆ బండినే ఆ పేరునకు హక్కుగలదిగా తీర్మానించెను. కారణమేమనగా, ఒకనాటి యాపని మరునాటి యాపనితో కలియుచు దాని చరిత్ర ఎచ్చటను తెగలేదు. ఆ పేరు చెప్పుకొనదగిన వేరొక బండి లోకమున లేదు. మార్పుల కన్నింటికిని సాక్ష్యము లభించినందుననే ఆ తీర్పు సాధ్యమైనది.

ఇంతకు రెండువేల యేండ్లకు పూర్వమే నాగసేనుడు మిళిందరాజును ఇట్టి ప్రశ్నయే యడిగెనని బౌద్ధవాఙ్మయము చెప్పుచున్నది. నీవు రథమెక్కి వచ్చితివి గదా, ఇరుసు రథమా, చక్రములు రథమా, పంజరము రథమా, పగ్గములు రథమా యని యడుగగా రాజు కాదనెను. భాగముల కూర్పునుబట్టి వ్యవహారమునకు పెట్టిన పేరే రథమని తేలినది. తత్త్వవిచారమున అది సత్యము. కాని లోకవ్యవహారమున ఆ పేరునకు ఒక ముడి కావలెను. మోటారుబండికి ఆ ముడియే ఛాసిస్ నెంబరు. ఎన్ని భాగములు మారినను, ఎప్పుడేది మారినదో ఆ నెంబరుక్రింద వ్రాసియున్నంతకాలము కథ తెగదు.

ఈ ద్వీపములలో నెంబరు అను మాటకు చేదైన చరిత్ర కలదు. ఇచ్చటికి తెచ్చిన ఖైదీల మెడకు కొయ్యబిళ్ళ యొకటి వ్రేలాడదీసెడివారు. దానిమీద ఖైదీ నెంబరు, శిక్ష వేసిన విభాగము, శిక్ష వేసిననాడు, విడుదల కావలసిననాడు వ్రాసియుండెడివి. సావర్కరు నెంబరు 32778. మనుష్యునకు తల్లిదండ్రులు పెట్టిన పేరును మరపించుటకు ఆ నెంబరును వాడిరి. 1906లో పూర్తియైన సెల్యులర్ జైలు గోడలపై నేడు చెక్కియున్నవి ఆ నెంబర్లు కావు, వారి పేర్లు. దస్త్రములలో నెంబరు ప్రక్కన పేరు నిలిచియున్నందుననే అట్లు చెక్కుటకు వీలైనది. దస్త్రము లేనివారి పేర్లు సముద్రములో కలిసినవి.

బండి ప్రాణము లేనిది. మనుష్యునితో దానికి సామ్యము లేదు. అయినను ఈ నేలమీద నిలిచినవానికి ఒక సంగతి తేటపడును. నెంబరును పేరు చెరపుటకును వాడవచ్చును, పేరు నిలుపుటకును వాడవచ్చును. వ్రాయు చేతిని బట్టి యుండును. ఏనాడో ఓడ దిగి, ఈ కొండదారుల వెంబడి రోగులను, తపాలాను, ఉద్యోగులను మోసిన పాతబండి యొకటి నేడు షెడ్డులో తుప్పుపట్టుచున్నదనుకొనుడు. దాని అడుగున అంకెలు ఇంకను కొంత మిగిలియుండును. వచ్చే వానకాలమునకు ముందే ఎవరో యొకరు కాగితము, పెన్సిలు తీసికొనిపోయి మోకరిల్లి వాని ప్రతి తీసి, నాడు చూచినది చూచినట్లుగా తేది వేసి వ్రాసియుంచవలెను. ఉప్పుగాలి ఎవరి సంతకముకొరకును వేచియుండదు.